అడుగు కనపడని సీసా

ఆమె పోయిందన్న కబురు శుక్రవారం ఉదయం ఏడూ ఇరవైకి ఫోనులో వచ్చింది. మర్నాడు పదకొండింటికి సమాధుల తోటలో భూస్థాపన అన్నారు. వెళ్ళాను. దుఃఖం ఉండి కాదు. ఇరవై రెండేళ్ళుగా కోపం పెట్టుకున్న మనిషిని మట్టిలో పెట్టేటప్పుడు నేను అక్కడ లేకపోతే లెక్క సగంలో ఆగిపోయినట్టు ఉంటుందనిపించింది.

పాస్టరుగారు పద్దెనిమిది నిమిషాలు మాట్లాడారు. 'శుభ్రత' అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. పెట్టె చుట్టూ నిలబడ్డ పాత నర్సులు ముక్కులు తుడుచుకున్నారు. అందులో ఇద్దరి భుజానికి ఆమె ఒకప్పుడు మురికి రుమాలు గుచ్చి సాయంత్రం దాకా వార్డంతా తిప్పింది. వాళ్ళు మరిచిపోయారేమో. నేను మరిచిపోలేదు.

పేరు రాయను. అందరూ పెద్ద సిస్టర్ అనేవాళ్ళం.

సికింద్రాబాదులో ఒకే ఆస్పత్రిలో పనిచేశాం మేమిద్దరం. మగవాళ్ళ సర్జికల్ వార్డు ఆమెది. ఇరవై మంచాలు, కిటికీ వైపు పది, గోడ వైపు పది. నాది వార్డు లేని ఉద్యోగం. ఆపరేషనైన ప్రతి మనిషి పుండూ ఏ రోజుకు ఎలా ఉంది, ఎవరికి జ్వరం తిరగబెట్టింది, ఎవరికి చీము పట్టింది, ఇవన్నీ మంచం మంచం తిరిగి రిజిస్టర్‌లో రాయాలి. ఒక జబ్బుతో వచ్చినవాళ్ళకు ఆస్పత్రే ఇంకో జబ్బు అంటిస్తోందా అని కాపు కాయడం నా పని. ఆ ఆస్పత్రిలో నాకు ముందు ఆ పని చేసినవాళ్ళు లేరు. చేయమని నన్ను కూర్చోబెట్టినవాళ్ళకు కూడా అది దేనికో సరిగ్గా తెలియదు.

మొదటిరోజు నేను రిజిస్టర్ చంకన పెట్టుకుని ఆమె వార్డు గుమ్మంలో నిలబడితే, ఆమె పది నిమిషాలు నన్ను చూడనట్టే తిరిగింది. తర్వాత అందరికీ వినపడేలా అంది.

"వచ్చిందమ్మా చీము లెక్కలావిడ. ఏవమ్మా, పంటెలా ఉంది ఇవాళ? ఎన్ని కుంచాలు కొలవమంటావు?"

పేషెంట్లు కూడా నవ్వారు. ఆ రోజు నుంచి నేను వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "కుంచం తెచ్చారా సిస్టర్" అనేవారు. నాలుగేళ్ళు అలాగే గడిచింది.

ఆమె శుభ్రత ఎలాంటిదో చెప్పాలి, ఎందుకంటే పాస్టరుగారు చెప్పింది అబద్ధం కాదు. గంజి పెట్టిన తెల్లచీర మధ్యాహ్నం రెండింటికి కూడా మడత నలిగేది కాదు. బూట్లకు రోజూ తెల్లసుద్ద. పొద్దున్నే చూపుడు వేలికి తెల్ల రుమాలు చుట్టి కిటికీ చట్రాల మీద, మంచం కోళ్ళ మీద గీసుకుంటూ వెళ్ళేది. రుమాలు మాసిందా, ఆ మూల తుడిచిన పిల్లను పిలిచి, ఆ రుమాలే ఆమె భుజానికి పిన్నీసుతో గుచ్చేది. "సాయంత్రం దాకా ఉంచుకో. నీ పనితనం నలుగురూ చూడాలిగా" అనేది. మంచానికీ మంచానికీ మధ్య దూరం స్కేలు పెట్టి చూసేది. చూడటానికి వచ్చినవాళ్ళ చెప్పులు గుమ్మం బయట వరసగా ఉండాలి, కాలి వేళ్ళ వైపు గోడకు. వరస తప్పితే తనే పోయి తన్నేది.

"నా వార్డులో కంటికి కనపడే తప్పు ఒక్కటుండకూడదు" అని ఆమె మాట. రోజుకు రెండుసార్లన్నా అనేది.

కంటికి కనపడని వాటితో ఆమెకు పని లేదు. పెద్ద డాక్టరుగారు రౌండ్సుకు వచ్చే ముందు అందరూ చూస్తుండగా మోచేతుల దాకా సబ్బు రాసుకుని చేతులు కడిగేది. ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోయేటప్పుడు కడగదు. ఒకసారి అడిగాను. చేతులు నా మొహం ముందు పెట్టి, ఇటూ అటూ తిప్పి, "ఏదీ మురికి? చూపించు" అంది. చూపించలేకపోయాను.

కిటికీ వైపు పది మంచాల డ్రెస్సింగులు ఆమె ఇంకొకరి చేత చేయించేది కాదు. గోడ వైపు పదీ స్టాఫ్ నర్సులు చేసేవారు, వాళ్ళకు మందుల గదిలోంచి చిన్న సీసాలు వచ్చేవి. అవి అయిపోతే పారేసి కొత్తవి తెచ్చుకునేవారు. ఆమెకు చిన్న సీసాలంటే చిన్నచూపు. ఆమె ట్రాలీ మీద ముదురు గోధుమరంగు గాజు సీసా ఒకటుండేది, రెండు లీటర్లది, బెండు బిరడాతో. అందులో పుండ్లు కడిగే పసుపుపచ్చ లోషన్. గాఢమైన మందు కొంచెం పోసి, కుళాయి నీళ్ళు కలిపి తనే తయారుచేసేది. సీసా పైన మిలమిలలాడేలా రోజూ గుడ్డతో తుడిచేది. లోపల లోషన్ నాలుగు వేళ్ళ ఎత్తుకు దిగగానే, దాని మీదే కొత్తది పోసేది.

ఆ పోయడం గురించి ఆమెకు గర్వం ఉండేది. "మా అమ్మ బియ్యం డబ్బా అడుగు ఎన్నడూ ఎవరి కంటా పడనివ్వలేదు. రెండు గుప్పెళ్ళు ఉండగానే పైన కొత్తవి పోసేది. లేమి మా గడప తొక్కలేదు" అనేది. మా గుంటూరులో మా అమ్మా అంతే. ఇది చదువుతున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ అంతే అయి ఉంటుంది. అందుకే నాలుగేళ్ళపాటు ఆ సీసాను రోజూ చూసి కూడా నాకు ఏమీ తోచలేదు. అది నా తప్పు, రాసి పెడుతున్నాను.

ఆ వానాకాలంలో తొమ్మిదో మంచానికి ఒక మనిషి వచ్చాడు. లాలాగూడలో ఒక షెడ్డులో లేత్ మిషను దగ్గర పనిచేసేవాడు. నిలబడి చేసే పని. సైకిలు మీద పోతుంటే లారీ రాసుకుని ఎడమకాలి మోకాలి కింద ఎముక విరిగి చర్మంలోంచి బయటికి వచ్చింది. పక్క వీధిలోనే ఇల్లు. భార్య పరుగెత్తుకొచ్చి, ఎవరైనా చేసే పనే చేసింది, నెత్తురు ఆగడానికి గుప్పెడు పసుపు అద్ది, కొంగు చింపి కట్టి రిక్షాలో తీసుకొచ్చింది. పెద్ద డాక్టరుగారు అదంతా కడిగి, ఎముక సర్ది, కట్టు కట్టారు. కాలు నిలబెట్టగలననే అన్నారు.

నా రిజిస్టర్‌లో మొదటి రోజు నుంచి అయిదో రోజు దాకా అతని పేరు ఎదురుగా ఒకటే మాట ఉంది: పొడి. ఆరో రోజు కట్టు మీద ఆకుపచ్చ మరక. దగ్గరికి వంగితే మగ్గిపోయిన ద్రాక్షపళ్ళ వాసన. ఎనిమిదో రోజుకు జ్వరం. అప్పటికి అదే వరసలో పదో మంచానికీ, ఏడుకూ, నాలుగుకూ అదే మరక, అదే వాసన. గోడ వైపు వరసలో ఒక్కరికీ లేదు.

పెద్ద సిస్టర్‌కు కారణం వెంటనే దొరికింది. వార్డు మధ్యలో నిలబడి ఆ భార్యను పిలిచింది.

"ఇలా రా. ఏం పెట్టావు కాలికి?"

"పసుపమ్మా. నెత్తురు ఆగుతలేదని..."

"ఏ చేతుల్తో? పేడ చేతుల్తోనా, బొగ్గు చేతుల్తోనా? నువ్వు పెట్టిన మురికి పుండు లోపలికి దిగి కుళ్ళబెట్టింది. అక్కణ్ణించి వార్డంతా అంటించావు. నీ మొగుడి కాలు పోతే నీ చేతులే తీసేసినట్టు. తెలిసిందా?"

ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుంది. ఆ పూట నుంచి మంచం దగ్గరికి రానివ్వలేదు. వరండాలో కూర్చునేది.

పెద్ద డాక్టరుగారు గురువారం కాలు చూసి, సోమవారం పొద్దుటికి చీము తగ్గకపోతే మోకాలి కింద తీసేయక తప్పదన్నారు. నాలుగు రోజులున్నాయి. అంతకు మూడు రోజుల ముందే నేను నేల తుడిచే నీళ్ళు, పక్కబట్టలు, ఫ్యాన్ రెక్కలు, నర్సుల చేతులు, అన్నిటినుంచీ దూది పుల్లలతో నమూనాలు తీసి ల్యాబుకు పంపాను. ఏదీ కాదని వచ్చింది. క్రిములను చంపే మందులో క్రిములుంటాయని నాకు తట్టలేదు.

శుక్రవారం వరండాలో ఆ భార్య పక్కన రెండు నిమిషాలు కూర్చున్నాను. తిన్నావా అంటే తల ఊపింది. కిటికీలోంచి ట్రాలీ వైపు చూస్తూ తనంతట తనే అంది.

"పెద్ద సిస్టరమ్మ సుత మా లెక్కనే జేస్తది సిస్టర్. మేం బియ్యం డబ్బల పోసినట్టే, పాతదాని మీదనే కొత్తది పోస్తది. గా సీసను కడగంగ ఒక్కనాడు జూడలే. మంచిగనే అనిపిస్తది, మనింటి మనిషి లెక్క."

మెచ్చుకోలుగానే అంది. నాకు మాత్రం చేతిలో రిజిస్టర్ బరువెక్కింది. కిటికీ వైపు వరస. ఆమె ఒక్కతే చేసే డ్రెస్సింగులు. అడుగు కనపడని సీసా.

లోపలికి పోయి బిరడా తీశాను. బెండు అడుగున వేలితో తాకితే జిగట తగిలింది. దూది పుల్ల ముంచి తీస్తుండగా ఆమె వచ్చింది.

"ఏం చేస్తున్నావు నా సీసాతో?"

"నమూనా తీస్తున్నాను సిస్టర్‌గారూ. ఫలితం వచ్చేదాకా దీన్ని వాడకండి. గోడ వైపు ట్రాలీ మీద చిన్న సీసాలున్నాయి, ఆ రెండు రోజులు అవి వాడండి."

"మందుకు పురుగు పట్టిందంటావా?" నవ్వింది. "వినండర్రా, సబ్బుకు మురికి పట్టిందిట. చీము లెక్క అయిపోయి ఇక మందు లెక్కలో పడ్డట్టుంది ఈవిడ."

"తొమ్మిదో మంచం అతని కాలికి సోమవారం దాకా గడువుంది."

"ఉంటే? పసుపు పెట్టినామెను అడుగు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు నాది. రిపోర్టు కాగితం తీసుకురా, అప్పుడు మాట్లాడు."

సూపరింటెండెంటుగారి దగ్గరికి పోయాను. రిపోర్టు రానివ్వమ్మా, ఆవిడను నొప్పించడం దేనికి అన్నారు. శనివారం రెండుపూటలా, ఆదివారం రెండుపూటలా అదే సీసాతో డ్రెస్సింగు జరిగింది. నాలుగు డ్రెస్సింగులు. ఆదివారం ల్యాబుకు సెలవు. సోమవారం తొమ్మిదింటికి అతన్ని థియేటర్లోకి తీసుకుపోయారు. పదకొండింటికి రిపోర్టు వచ్చింది. పుండులో ఏ క్రిమి ఉందో సీసాలోనూ అదే. బెండు బిరడాలో మరీ ఎక్కువ.

ఆ నాలుగు డ్రెస్సింగులు లేకపోతే కాలు నిలిచేదా? తెలియదు. తెలియనిది తెలియదనే రాయడం నా అలవాటు. కానీ ఆ రెండు రోజులూ చిన్న సీసాలు చేయి చాస్తే అందే దూరంలో ఉన్నాయి. అది తెలుసు.

ఆ మధ్యాహ్నం కాగితం తీసుకుపోయి ఆమె బల్ల మీద పెట్టాను. చదివింది. మళ్ళీ చదివింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది, అంచుకు అంచు సరిగ్గా కలిపి.

"ఇప్పుడేమంటావు?" అంది.

"ఒక్కటే అంటాను. ఆమె చేతుల వల్ల కాదని మీ నోటితో ఆమెకు చెప్పండి."

"చెప్పి? మందులోనే ఉందని ఊరంతా చాటమంటావా? రేపటినుంచి ఒక్కడు ఈ గుమ్మం ఎక్కుతాడా? ఎక్కకపోతే, ఇక్కడికి రావాల్సినవాళ్ళు ఎక్కడికి పోయి చస్తారు? ఆలోచించావా నువ్వు?" గొంతు తగ్గించింది. "పోయిన కాలు ఎలాగూ రాదు. దాని మానాన దాన్ని వదిలెయ్యి."

ఆమె భయపడింది ఆస్పత్రి గురించేనని ఇన్నేళ్ళూ నమ్మడానికి ప్రయత్నించాను. నమ్మకం కుదరలేదు. సూపరింటెండెంటుగారు నన్ను పిలిచి, రిపోర్టు బయటికి పోతే నీ ఉద్యోగం పోతుందన్నారు. సీసాలు రోజూ ఖాళీ చేసి, కడిగి, ఉడికించి, తేదీ రాసి వాడాలని చడీచప్పుడు లేకుండా ఆర్డరు వేశారు. పెద్ద సిస్టర్ దాన్ని పొల్లుపోకుండా పాటించింది. తన సీసా మీద తనే తేదీ అతికించేది, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఆకుపచ్చ మరక మళ్ళీ నా రిజిస్టర్‌లోకి రాలేదు. ఆమె నాతో మళ్ళీ మాట్లాడలేదు.

నేనూ ఆ భార్యకు చెప్పలేదు.

పెద్ద సిస్టర్ పక్షాన రాయాల్సింది ఒకటుంది. తమ చర్చి వాళ్ళ స్కూల్లో అడిగి అతనికి గేటు దగ్గర స్టూలు ఉద్యోగం ఇప్పించింది, గంట కొట్టే పని. అది పశ్చాత్తాపమని ఎవరైనా అనవచ్చు. నేను అనను. పశ్చాత్తాపమైతే ఎందుకిస్తున్నారో చెప్పి ఇస్తారు.

సమాధుల తోటలో పాట మొదలయ్యాక జనం వెనక ఒక మనిషి కనపడింది. చేతిలో బంతిపూల దండ. మొహం చూసి పోల్చుకోలేదు, ముందు చేతులే కంటబడ్డాయి. వేళ్ళు నాని తెల్లబడి, కణుపుల దగ్గర పొలుసులు లేచి ఉన్నాయి. రోజంతా నీళ్ళలో ఉండే చేతులు.

"మీరు గా లెక్కల సిస్టరమ్మ గదా?" అంది. "తొమ్మిదో నంబర్ మంచం. యాదికున్నదా?"

"ఉంది. నువ్వు ఇక్కడికి ఎందుకొచ్చావు?"

"గట్లంటరేంది! దేవతమ్మా ఆమె. నేను చేతులార కాలు ఖరాబు జేస్తే, ఆమె మా ఆయనకు నౌకరి ఇప్పిచ్చింది. గా నౌకరీతోనే బిడ్డ పెండ్లి జేసినం. ఒక్క దండన్న ఎయ్యకుంటే ఎట్ల?"

ఆ పెళ్ళి మాట మీదే అడిగాను, పసుపు నువ్వే దంచావా అని. ఎందుకడిగానో తెలియదు. ఆమె చేతులు కొంగులోకి పోయాయి, ఆనాటిలాగే.

"నేనా? ఆ దినం నుంచి నా ఇంట్ల పసుపు లేదు సిస్టరమ్మా. కూరల సుత ఎయ్య. పెండ్లి పసుపు మా ఆడబిడ్డతోని దంపిచ్చిన, నేను ముట్టలే." "మా ఆయన కట్టెకాలు బెల్టు సుత నన్ను ముట్టనియ్యడు. 'నీ చెయ్యి వద్దు' అంటడు. కోపంతోని గాదు. భయంతోని. ఆయనే వంగి, తక్లీఫ్ పడుకుంట ఇప్పుకుంటడు. నేను తలుపుకాడ నిలవడి చూస్త."

పెట్టె మీద మట్టి పడుతున్న చప్పుడు వస్తోంది. అక్కడే, ఆ చప్పుడు మధ్యలోనే చెప్పాను. అయిదు రోజులు పొడిగా ఉందని. పసుపు పెట్టని ముగ్గురికి కూడా అదే వచ్చిందని. సీసా గురించి. బిరడా గురించి. సోమవారం పదకొండింటికి వచ్చిన కాగితం గురించి. సీసా మాట ముందు నీ నోటినుంచే విన్నానని కూడా చెప్పాను.

ఆమె ఏడవలేదు.

"మీకు గప్పుడే ఎరికేనా?"

"అప్పుడే."

"మరేం జెప్పలే?"

"చెప్పొద్దన్నారు. ఉద్యోగం పోతుందన్నారు. ఊరుకున్నాను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నాకు జెప్పుడు గాదు. ఆయనకు జెప్పుండ్రి. నడువుండ్రి" అంది.

దండ వేయడానికి వెనక్కి పోలేదు. పారేయనూ లేదు. ఆటోలో లాలాగూడ దాకా ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

ఒకటే గది, ముందు చిన్న వసారా, వసారాలో కుళాయి. అతను మంచం మీద కూర్చుని ఉన్నాడు. శనివారం ఒంటిపూట బడి. జుట్టు పూర్తిగా నెరిసింది. "ఈమె గా దవఖానల లెక్కల సిస్టరమ్మ. నీకేదో జెప్పాల్నట" అని భార్య గడప దగ్గరే ఆగిపోయింది. ఇందాకటి మాటలే మళ్ళీ మొదటినుంచి చెప్పాను, తేదీలతో సహా. అతను మధ్యలో ఒక్కసారే ఆపాడు.

"ఎన్ని దినాలు పొడి ఉండె?"

"అయిదు."

"అయిదు" అన్నాడు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "పసుపుదైతే రెండోనాడే షురూ గావాలె గద?"

"అవును."

"గంతే గద." తర్వాత ఆమె వైపు తిరగకుండానే, ఫ్యాంటు మడత మోకాలి పైకి లాక్కుంటూ అన్నాడు. "ఏయ్. గీ బెల్టు జెర ఇప్పరాదు. పొద్దుగాలకెల్లి కోస్తున్నది."

ఆమె కదలలేదు. మళ్ళీ పిలిచాడు, ఈసారి పేరు పెట్టి. అప్పుడు దండ కిటికీలో పెట్టి, వసారాలోకి పోయి కుళాయి తిప్పింది. సబ్బు తీసుకుని మణికట్ల దాకా రాసుకుంది, కడుక్కుంది. మళ్ళీ రాసుకుంది. గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో, నేను నర్సులకు నేర్పినదానికంటే శ్రద్ధగా. మూడోసారి సబ్బు అందుకుంది.

"చాలమ్మా" అన్నాను.

నాలుగోసారి రాసుకుంటోంది.